దాదీ అలికిన మట్టి ఇల్లు

నిన్న ఎవరో మట్టిలో పేడ కలిపి గోడ అలుకుతుంటే, ఆ వాసనకి ఉత్తరాదిలో చిన్నప్పుడు మేమున్న ఇందిరాపురం గుర్తొచ్చింది.

అమ్మ అక్కడి ఆస్పత్రిలో నర్సు. నాకప్పుడు ఏడేళ్లు. మా అపార్ట్‌మెంట్ వెనక మిగిలిన ఖాళీ స్థలంలో, బిల్డింగులు రాకముందు అక్కడుండిన పాత ఊరివాళ్లంతా కలిసి ఒక మట్టి ఇల్లు కట్టారు. ఇంటింటి నుంచీ నాగలి, తిరగలి, ఎడ్లబండి తెచ్చిపెట్టారు. మాకు పాలు పోసే ముసలావిడ, మేమంతా హిందీలో నానమ్మ అన్నట్టు దాదీ అని పిలిచేవాళ్లం, ఆ రోజు అక్కడ గోడ అలుకుతోంది. ఊరివాళ్లు తిరిగొచ్చేస్తున్నారని, ఇక మా బిల్డింగ్ కూలగొడతారని నాకు భయం పట్టుకుంది.

"దాదీ, మమ్మల్ని పంపించేస్తారా?" అని హిందీలో అడిగాను.

దాదీ చెయ్యి ఆపింది. "నహీ బేటా. ఇందులో ఎవరూ ఉండరు. ఇది మ్యూజియం. మేమెలా బతికామో మీ పిల్లలు చూడాలి కదా," అంది.

నా చేతిలో చల్లటి మట్టి ముద్ద పెట్టింది. ఇద్దరం అలుకుతూ ఉంటే సాయంత్రపు ఎండలో గోడ, బండి చక్రాలు, గాల్లో దుమ్ము అన్నీ బంగారు రంగులో తేలుతున్నట్టు అనిపించాయి.

"మరి నీ పొలం ఎక్కడ, దాదీ?"

ఆవిడ మా బిల్డింగ్ కేసి చూసి నవ్వింది. బాల్కనీలో అమ్మ బట్టలు ఆరేస్తోంది. అమ్మని చూసి నవ్విందనుకున్నాను.

ఆవిడ గోధుమ చేలోనే మేం కాపురం ఉన్నామని పెద్దయ్యాక గానీ తెలియలేదు.