రోమ్ రాజుకు మా తాత ముక్కు

మొన్న చారు కోసం నానబెట్టిన చింతపండు పిసుకుతుంటే నా వేలి వెండి ఉంగరం గిన్నెలోకి జారింది. దేవులాడి పైకి తీస్తే అది ఉంగరం కాదు, పెళ్ళికూతురు! ఆ మెరుపు సంగతి సరే, ఆ పుల్లటి వాసన ముక్కుకు తగలడమే ఆలస్యం, నలభై ఏళ్ళు ఒక్క గెంతులో దాటేసి, ఎల్లారెడ్డిలో మా అవ్వ ఇంటి వెనక బాయి గట్టు మీద, మోచేతుల దాకా బూడిద పూసుకుని కూర్చున్నాను.

బతుకమ్మ వస్తోందంటే మా అవ్వకు తోముడు పూనకం వచ్చేది. ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, గంగాళాలు, దీపపు సెమ్మెలు, చివరికి తలుపు గొళ్ళేలు కూడా చింతపండు, బూడిద, ఇటుక పొడి పాలపడి ఎర్రగా, పచ్చగా అరుస్తూ ఎండలో వరుస కట్టేవి. మా అవ్వ తోముడుకు దిగిన రోజున నిజాంసాగర్‌లో నీళ్ళు జానెడు తగ్గేవని నా గట్టి నమ్మకం. మధ్యలో ఆకలేస్తే పక్కనే మూకుడులో వేయించిన నువ్వులు, బెల్లం. తినే చేతికి బూడిద, బూడిద చేతికి బెల్లం. ఇప్పటికీ నాకు నువ్వుల ఉండలో కాస్త బూడిద రుచి తగలకపోతే పండుగ వచ్చినట్టు ఉండదు.

అవ్వ మెడలో నల్లదారానికి ఒక వెండి బిళ్ళ ఉండేది. మా తాత పడుచు వయసులో కాలువ పూడిక తీసే పనికి పోతే పారకు తగిలిందట. దాని మీద ఎవరో దొర తలకాయ, నెత్తిన ఆకుల దండ, కింద కొక్కెంలాంటి ముక్కు. తాత అప్పటికే పోయాడు, ఆయన ఫోటో అంటూ ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. కానీ ఆ ముక్కు అచ్చం ఆయనదే! తాత కామారెడ్డి బస్సెక్కితే ఆయన ముక్కు గంట ముందే దిగి చాయ్ తాగేదని ఊరంతా చెప్పుకునేవారు. బిళ్ళ మీది చెంపకు అడ్డంగా ఒక గాటు ఉండేది. అది తాతను ఎద్దు పొడిచిన గుర్తని అవ్వ తేల్చేసింది. పొద్దున కళ్ళు తెరవకముందే ఆమె బొటనవేలు ఆ ముక్కు మీదికి వెళ్ళేది. తడిమి, ఉన్నదని చూసుకున్నాకే లేచేది.

ఆ బిళ్ళను ఎల్లారెడ్డి సంతలో చూసినవాడు కామారెడ్డి బడిలో చరిత్ర చెప్పే సారు. పాత నాణెం కనబడితే ఆయన చెప్పులు ఎక్కడ విడిచాడో మరిచిపోతాడు. నిజం చెప్పడంలో మరీ మొండి. ఒక పెద్దమనిషి పెట్టిన బిర్యానీ తింటూనే, ఆ పెద్దమనిషి తాతలనాటి నాణెం అచ్చులో పోసిన దొంగదని చెప్పి, అన్నం మధ్యలో లేచి రావలసి వచ్చింది.

సారు మా అరుగు మీద కూర్చుని అరచెయ్యంత భూతద్దం తీశాడు. నేను ఆయన మోచేయి కిందికి దూరాను. ఆ రోజు నా కళ్ళు నిజంగా తెరుచుకున్నాయి!

"బిడ్డా, వెండి మెరుపు జూడకు, ముఖం జూడు. అన్నిటికంటే ముందు అరిగేది ఎత్తున్న చోటు. ముక్కు, చెంప, చెవి మీది జుట్టు. ఈయన జుట్టు పోగుపోగు కనబడ్తలేదా?"

కనబడింది! తల బిళ్ళ నడిమధ్య కూర్చుందా, ఒక పక్కకు జరిగిందా, చుట్టూ అక్షరాలు అంచు దాటి తెగిపోయాయా, వెనక వైపు బొమ్మ కూడా ముందు వైపుకు తీసిపోకుండా ఉందా, అన్నీ చూపించాడు. గాటు ఎద్దుది కాదట, వెండి లోపలిదాకా ఉందా లేదా అని పాతకాలపు వ్యాపారి ఉలితో పెట్టిన పరీక్షట. దారం ఎక్కించడానికి అవ్వ అతికించిన కొక్కేన్ని చూసి మాత్రం పళ్ళు నూరాడు.

"రోమ్ రాజు అవ్వా! రెండు వేల ఏండ్లయితది. సోమవారం మా బడిల పాత నాణేల ప్రదర్శన ఉన్నది. ఈయనను అద్దాల పెట్టెల అందరికంటే ముందు కూసోబెడ్త. ఆదివారం వచ్చి తీస్కపోత. గిట్లనే ఉంచుండ్రి."

సారు పోయాక అవ్వ కళ్ళు బతుకమ్మ దీపాలయ్యాయి. "కామారెడ్డంత చూస్తదట పోరీ, మీ తాతను! గంతమందిల గీ నల్లమొకంతోని కూసుంటడా? తానం జేపియ్యాలె."

చేయించాం. అవ్వ చింతపండు రుద్ది బూడిద పెట్టి, బిందెల వైపు తిరిగింది. నాకు తృప్తి కలగలేదు. తాత ముక్కు పక్కన ఇంకా వెంట్రుకవాసి నలుపు ఉంది. ఇటుక పొడి తీసుకున్నాను. కొబ్బరి పీచు తీసుకున్నాను. పొద్దు గుంకేదాకా తోమాను. ఆ బిళ్ళ వెలుగుకు పిట్లం ఊరి దాకా కోళ్ళు కూసి ఉంటాయి.

ఆదివారం సారు వచ్చాడు, చూశాడు, అరుగు మీద కూలబడ్డాడు.

"అవ్వా! ఎంత పని జేసిన్రు! రెండు వేల ఏండ్ల నలుపు గది!"

"రెండు వేల ఏండ్ల మురికి సారూ. గన్ని ఏండ్లు ఎవ్వలు కడగలేదా ఆయన్ను, పాపం?"

"ఆ నలుపే దాని చర్మం! ఎవరు తోమిన్రు గింత గనం?"

బయటికి పరుగెత్తుదామంటే నా లంగా మీద అవ్వ కూర్చుంది. అవ్వ బిళ్ళను చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఒకసారి తడిమి, నా వైపు చూసి, మళ్ళీ సారుకే ఇచ్చింది.

"నలుపు పోతె పోనీ సారూ. మీ అద్దంల జూసి ఒక్క మాట జెప్పుండ్రి. ముక్కున్నదా, పోయిందా?"

సారు భూతద్దం పెట్టాడు. చూస్తూనే ఉన్నాడు. ఆయన తలెత్తి అవ్వను చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ అద్దంలోకి వంగాడు.

"ఉన్నది అవ్వా. ఎక్కడికి పోతది? నిగనిగలాడ్తున్నది."

నేను అరిచిన అరుపుకు బాయిలో కప్పలు అవతలి గట్టెక్కాయి.

సోమవారం అవ్వ, నేను, బిళ్ళ మీది తాత, ముగ్గురం బస్సులో పోయాం. సారు మాట తప్పలేదు, బిళ్ళను అద్దాల పెట్టెలో అందరికంటే ముందే పెట్టాడు. పక్కన చీటీ: "తోమితే నాణెం ఇలా అవుతుంది. దయచేసి తోమకండి." జనమంతా అక్కడే గుమిగూడారు. చదువు రాని అవ్వ కొత్త చీర కొంగు సర్దుకుంటూ పక్కనే నిలబడింది.

"ఏం రాసిండు పోరీ?"

"ఎల్లారెడ్డి తాత అని రాసిండు అవ్వా."

సాయంత్రం దాకా ఆ పెట్టె దగ్గర నుంచి కదిలితే ఒట్టు.

ఇప్పుడు అవ్వ లేదు, సారు లేడు. బాయిని పూడ్చి పక్కన బోరు మోటరు పెట్టారు, ఇత్తడి బిందెలు స్టీలు డబ్బాలకు మారకం పోయాయి, ఇటుక పొడి అంటే ఏమిటని మా ఇంట్లో పిల్లలు అడుగుతారు. బిళ్ళ మాత్రం నా బీరువాలో ఉంది. మొన్న ఉంగరం పుణ్యమా అని బయటికి తీశాను. నలుపు తిరిగి వస్తోంది! అక్షరాల సందుల్లో, చెవి వెనక, గాటు లోపల, సన్నగా, కాటుకలాగా. ఆ ఉత్సాహంలో కామారెడ్డి బజారుకు పోయి భూతద్దం కొనుక్కొచ్చి, ముఖం మీద పెట్టి చూశాను.

ముక్కు లేదు. ఉండవలసిన చోట గోరంత నునుపు.

బిర్యానీ వదులుకుని కూడా అబద్ధమాడని సారు! సరే, ఆయనకు అద్దం ఉంది. మరి అవ్వకు? రోజూ తడిమే ఆ బొటనవేలికి ఆ ఆదివారం తెలియలేదా? తెలిసే కదా, నా వైపు చూసి, నాకు వినబడేట్టు ఆ మాట సారుతో చెప్పించింది.

చింతపండు గిన్నెను దూరంగా జరిపి, ఆ నునుపు మీద నా బొటనవేలు పెట్టాను. వేలు సరిగ్గా సరిపోయింది.