అక్క అసలు బీపీ

కర్నూలులో అక్క వెన్నెముక ఆపరేషన్‌కు ముందు, రక్తం ఎక్కువ పోకుండా బీపీని కావాలనే తగ్గిస్తామని మత్తు డాక్టరమ్మ చెప్పింది. ఆ పొద్దున కొలిస్తే నూట ఇరవై వచ్చింది. ఇంట్లో వారం వారం నేనే కొలుస్తాను; నూట అరవైకి ఎన్నడూ తగ్గలేదు. ఆపరేషన్ వాయిదా వేస్తారేమోనని అక్క రెండు రోజులుగా బీపీ మాత్రలు రెట్టింపు మింగింది.

“చెప్పినావంటే సూడు, నీతో మాట్లాడను” అంది అక్క.

“మాట్లాడకపోతే మానె. బతికుండు, సాలు” అని డాక్టరమ్మకు చెప్పేశాను.

“నూట అరవైకి అలవాటు పడిన ఒళ్లు ఇది. తెలీకుండా ఇంకా తగ్గించింటే ఈమె గుండెకు రక్తం సాలేది కాదమ్మా. ఈ పొద్దు వద్దు” అంది డాక్టరమ్మ.

మా ఊరు కోసిగికి తిరిగొచ్చే బస్సులో అక్క నా పక్కన కూర్చోలేదు. గతుకు వచ్చినప్పుడల్లా ఆమె మూలుగు వెనక సీటులోంచి వింటూనే ఉన్నాను.