రెండు నూనె చుక్కలు

పొద్దున నువ్వుల నూనె ప్యాకెట్ కోస్తే ఆ వాసనకు మా అవ్వ యాదికొచ్చింది. అవ్వంటే నాయినను కన్నతల్లి. స్టేషన్ ఘన్‌పూర్ అవతల మా ఊర్లె, వానలు వెనుకబట్టి చేన్ల గట్లమీద తంగేడు పచ్చగ విరబూసే దినాలల్ల, గానుగ కాడినుంచి గోరువెచ్చగ తెచ్చిన నూనెను సీసల పోసి, పొయ్యి పక్క గూట్లె పెట్టి, పిల్లలు ముట్టకుండ ఒక కన్ను దానిమీదనే ఉంచుతుండె.

నాకు ఏడేండ్లప్పుడు అమ్మ నాయినతోని కొట్లాడి కేసముద్రంల తల్లిగారింటికి పోయింది. నన్నెందుకు ఇడిసిపెట్టి పోయిందో ఎవరు చెప్పలే. మంగళారం మంగళారం అవ్వ ఇత్తడి తాంబాళంల నీళ్లు పోసి, అమ్మ పేరు మీద ఒక చుక్క, నాయిన పేరు మీద ఒక చుక్క నూనె ఇడుస్తుండె. చుక్కలు కలిస్తె పోయిన మనిషి ఇంటికొస్తదని ఆమె నమ్మకం. అవి కాసేపు ఎడమెడంగ తిరిగి, జర జర దగ్గరికి జరిగి, ఠక్కున ఒక్కటయ్యేవి. ఒక్క వారం తప్పలే. అవ్వ సంబురపడి నా నోట్లె ఇంత బెల్లం పెడుతుండె. నాకైతే అమ్మ అప్పుడే రైలెక్కిందన్నంత ధీమా.

బతుకమ్మకు ముందు మామ, అమ్మ తమ్ముడు, వచ్చిండు. అమ్మ నన్ను తోల్కరమ్మన్నదట. అవ్వ నువ్వులు దంచుకుంట రోకలి ఆపలే. నా ఇష్టమని నాయిన అన్నడు. ఏడేండ్ల పిల్లకు ఇష్టమేందో! చుక్కలు కలిసినయ్ గద, అమ్మే వస్తది, వచ్చేసరికి నేను ఇంట్ల ఉండాలె అనుకున్న.

"నేను రాను మామా" అన్న.

మామ తెచ్చిన గాజులు గడప మీద పెట్టి, నీళ్లు గూడ తాగకుంట పోయిండు. సద్దుల బతుకమ్మనాడు రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దొకటి కాగితంల చుట్టుకొని, పొద్దుగూకేదాక బస్సు ఆగే కాడ కూసున్న. అమ్మ రాలే. ముద్దకు చీమలు పట్టినయ్.

హనుమకొండల డిగ్రీ చదివేటప్పుడు ఒక సార్ చెప్పిండు. నూనె చుక్కలకు ఒకదానిమీద ఒకదానికి ప్రేమేం లేదట. నీళ్లు నీళ్లనే గట్టిగ పట్టుకుంటయ్, నూనెను నడుమల చేరనియ్యయ్. నీళ్లు ఎల్లగొడితె అవి రెండు ఒక్కకాడికి వస్తయ్. ఎవరి పేరు మీద ఇడిసినా గంతే. నోట్స్ రాసుకున్న. గంట కొట్టంగనే పోయి అన్నం తిన్న. ఏడుపు రాలే. ఇప్పటికి రాదు.

అవ్వ పోయింది. గానుగ కూలిపోయి ఆ జాగల ట్రాక్టర్ల షెడ్డు లేసింది. అమ్మ ఇప్పుడు మహబూబాబాద్‌ల నా దగ్గరనే ఉంటది. ఒకే వంటింట్ల తిరుగుతం, ఎక్కువ మాట్లాడుకోం. పోయిన నెల ఉండబట్టలేక అడిగిన, మళ్ల నాకోసం మనిషినెందుకు తోలలేదని. చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటనే, తలెత్తకుంట చెప్పింది.

"నువ్వే రానన్నవట గద బిడ్డా. నా మీద కోపమేమో అనుకున్న."