రాజుపాలెం ఆటోలో నా సీటు

నేను కరెంటు స్కూటర్ కొన్న వారానికే మా ఆటో ఆయన నాతో మాట మానేశాడు. ప్రొద్దుటూరు నుంచి రాజుపాలెం బడికి ఏడేళ్లు ఆయన ఆటోలోనే పోయాను. మనుషులు నిండందే కదలదు మహాతల్లి! ఆయన తీరిగ్గా టీ తాగుతూ ఇంకొక్కరు రావాలి, ఇంకొక్కరు రావాలి అంటుంటే నాకు ఒళ్లు మండేది. హెడ్మాస్టరు చేత మాటలు పడేది నేను కదా. అందుకే కొన్నాను.

నన్ను చూసి మా బడిలో ఇంకో ఇద్దరు టీచర్లు కొన్నారు. ఆయన పొద్దుటి ట్రిప్పులో మూడు సీట్లు పోయాయి. ఊరంతా ఇట్లా కొంటూ పోతే తన గతేమిటని ఆయన దిగులు. ఎదురుపడితే ముఖం తిప్పుకునేవాడు. నాకు మాత్రం రోషం లేదా, నేనూ తిప్పుకునేదాన్ని. కానీ లోపల బాధగానే ఉండేది.

మా అత్తకు ఇంట్లో ఏ స్విచ్చు వేసున్నా ఆర్పేదాకా మనసు కుదుటపడదు. ఒకరోజు నా బండి ఛార్జింగు స్విచ్చు కూడా ఆర్పేసింది. చూసుకోకుండా బయల్దేరాను. సగం దారిలో ఆగింది. ఆరోజే బడికి తనిఖీ! చెమటలు కక్కుకుంటూ తోస్తుంటే ఆయన ఆటో నన్ను దాటి పోయింది. పోతే పోనీ అనుకున్నాను. కాస్త దూరం పోయి, వెనక్కి తిరిగి వచ్చింది.

"ఎక్కి కూచోక్కా. హ్యాండిలు గట్టిగా పట్టుకో," అన్నాడు.

ఆటోలోంచి కాలు చాపి, నా బండి వెనక ఆనించి, బడి గేటు దాకా తోసుకొచ్చాడు. ఆలస్యమవుతోందని ఆటోలో గొణిగిన వాళ్లను గదిమాడు. వేళకు చేరాను. సిగ్గుతో తల ఎత్తలేక, నామీద కోపం పోయిందా అని అడిగాను.

ఆయన ఆటోలో కూర్చున్న భార్య వైపు చూశాడు. ఆమె ఆ ఊళ్లోనే అంగన్‌వాడీ ఆయా, రోజూ మొగుడి ఆటోలోనే వస్తుంది.

"మా ఇంటామెకు ఈ బండి నేర్పిస్తావా అక్కా? నేను నేర్పిస్తే కొట్లాటైతాది."

నేను బిత్తరపోయాను. ఇంకో సీటు పోతుంది కదా అన్నాను.

"యాడ పోతాది? ఆమె ఏనాడన్నా దుడ్లిచ్చి ఎక్కిందా? ఆ సీట్లో ఇచ్చేటోళ్లు కూచుంటారు."

ఆమె ఇదేదీ వినలేదు. అప్పటికే దిగి, చీర కుచ్చిళ్లు దోపుకుని, నా బండెక్కి కూర్చుంది.