కిట్ నాకిచ్చిన అక్క

అక్క పోయిందన్న కబురు శనివారం పొద్దున వచ్చింది. కాలేజీలో రెండో సంవత్సరం పిల్లలకు స్లైడు మీద రంగు ఎలా వేయాలో చూపిస్తున్నాను. మెదడులో నరం చిట్లిందట. ఊరి నుంచి బళ్ళారి ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయిందట. మా పాత ల్యాబు గ్రూపులో ఒక జూనియర్ ఆ రెండు లైన్లు పెట్టింది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఫోను మోగుతూనే ఉంది. ఏళ్ళ తరబడి ఆ గ్రూపులో నోరు విప్పనివాళ్ళు కూడా నాలుగేసి పేరాలు రాశారు. స్టాఫ్ రూములో కూర్చుని అవన్నీ చదివాను. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు. నేను పోతే ఇంతమంది రాస్తారా అన్న ఆలోచన.

ఈ సంగతి దాచి కూడా ఆమె గురించి రాయొచ్చు. అలా రాసినవాళ్ళు బాగానే రాశారు. కానీ నేను ఆమెను చూసి కుళ్ళుకున్న మనిషిని. దాన్ని తీసేస్తే ఆమె గురించి నాకు తెలిసినదాంట్లో సగం పోతుంది.

ఆమె నా తోబుట్టువు కాదు. అనంతపురంలో పీహెచ్‌డీ చేసే రోజుల్లో నాకు ఏడాది సీనియర్. గుమ్మఘట్ట దగ్గర పల్లె. వాళ్ళది గొర్రెల మీద బతికే ఇల్లు. నేను టౌను పిల్లను, లెక్చరర్ కూతురిని, ఇంట్లో అలమర నిండా పుస్తకాలు. ల్యాబులో చేరిన రోజు ఆమె నన్ను పేరు కూడా అడగలేదు.

"గొర్రె ఈసుకపోయేది చూసినావా మ్మే?" అంది.

ఈసుకపోవడమంటే ఏమిటో కూడా నాకు తెలియదు. నెలలు నిండకముందే పిల్లను కనేయడం.

"అయితే దేని మీద పని చేయబోతాండావో నీకే తెల్దు. ఆదివారం మా ఊరికి పోదాం రా."

పోయాం. ఆ వారం వాళ్ళ మందలో మూడు గొర్రెలు ఈసుకపోయాయి. చచ్చిపుట్టిన పిల్లలను అక్క వాళ్ళమ్మ ఒట్టి చేతులతో ఎత్తి గుంతలో వేస్తోంది. ఆమె వేళ్ళ కీళ్ళు వాచి ఉన్నాయి. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలుతుందట, తెల్లారితే చెమట పట్టి దిగిపోతుందట. ఎన్నో ఏళ్ళుగా అంతే. మలేరియా అన్నారు, వాతమన్నారు, సూదులు వేశారు. ఎవరూ గొర్రెల వైపు చూడలేదు.

"ఎమ్మెస్సీలో బ్రూసెల్లా పాఠం చదువుతాంటి. ఆ పేజీలో మా యమ్మ కనపడింది" అని తిరుగు బస్సులో చెప్పింది అక్క. తనే వాళ్ళమ్మ రక్తం తీయించి పరీక్షకు ఇచ్చిందట. గొర్రెల నుంచి మనుషులకు అంటుకునే ఆ క్రిమే అని తేలింది.

ఆ రాత్రి నిద్ర పట్టక నేను ఆలోచించింది వాళ్ళమ్మ కీళ్ళ గురించి కాదని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నా టాపిక్ మా గైడు సార్ ఇచ్చిన జాబితాలోంచి వచ్చింది. ఆమెది వాళ్ళ దొడ్డిలోంచి వచ్చింది. అలాంటి కారణం నాకెందుకు లేదు అనుకున్నాను. మనిషి మరొకరి కష్టాన్ని చూసి కూడా అసూయపడగలదని ఆ రోజు తెలిసింది.

మా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. బ్రూసెల్లాకు అప్పటికే టీకా ఉంది. కానీ అందులో ఉండేది బతికున్న క్రిమి, బలం తగ్గించినది. చూలు గొర్రెకు వేస్తే అదే ఈసుకపోయేలా చేయొచ్చు. సూది వేసేవాళ్ళ చేతికి గుచ్చుకుంటే వాళ్ళకూ జ్వరం రావొచ్చు. పైగా దాన్ని చల్లగా ఉంచాలి. మా వైపు ఎండల్లో, వచ్చీ రాని కరెంటుతో ఆ చల్లదనం దొడ్డి దాకా చేరదు. డీఎన్ఏ టీకాలో క్రిమే ఉండదు. దాని ప్రోటీన్ ఒకటి తయారుకావడానికి కావలసిన రాతను మాత్రం ప్లాస్మిడ్ అనే ఉంగరం లాంటి చిన్న డీఎన్ఏలో చేర్చి కండలోకి ఎక్కిస్తాం. ఒంట్లోని కణాలే ఆ రాత చదువుకుని ప్రోటీన్ చేస్తాయి, ఒళ్ళు దాన్ని చూసి శత్రువును గుర్తుపెట్టుకుంటుంది. ఎండకు కూడా అంత తేలిగ్గా చెడదు. "పేదోళ్ళ టీకా మ్మే ఇది. ఫ్రిజ్జు లేనోళ్ళది" అనేది అక్క.

ఆమె అలవాట్లు చాలా గుర్తున్నాయి. స్టీలు డబ్బాలో ఉడకేసిన శనక్కాయలు తెచ్చి, చేతులు రెండుసార్లు కడుక్కుని, వరండాలో అందరికీ తలా గుప్పెడు పంచేది. రికార్డు బుక్కులో ప్రతి రోజు మొదటి లైను నిన్న చేసిన తప్పు. "తప్పు ముందే రాసేస్తే మిగిలిన పేజీ భయం లేకుండా రాసుకోవచ్చు" అని ఆమె లెక్క. సార్ ఆ బుక్కును మా అందరికీ తిప్పి చూపించారు. మరుసటి రోజు నుంచి నేనూ రాయబోయాను. నాకు వచ్చిన చిక్కేమిటంటే, తప్పు ఏదో తేల్చుకునేసరికి మధ్యాహ్నమయ్యేది. నాకు ప్రతిదీ అనుమానమే. ఆమె అనుమానం అలా కాదు, సరిగ్గా అవసరమైన చోటనే ఆగేది.

టీకాను పరీక్షించే ఎలుకలను కూడా ఆమె ముఖం చూసి గుర్తుపట్టేది. మేమంతా తోకల మీద గీతలు లెక్కపెట్టుకునేవాళ్ళం. వాళ్ళ నాయన మందలో రెండు వందల గొర్రెలను ఒక్కోదాన్ని పోల్చుకుంటాడట, ఆ చూపు ఈమెకూ వచ్చింది. నేను ఎంత ప్రయత్నించినా అన్నీ ఒకటే తెల్ల ఎలుక. అయితే దాంతో ఒక చిక్కు ఉందని ఆమే చెప్పింది. "నాకు ఏ ఎలుక ఏ గుంపుదో ముఖం చూస్తే తెలిసిపోతాది. నేను లెక్క పెడితే నా మనసు అటు లాగుతాది. ప్లేట్లలో పెరిగిన క్రిములను నువ్వు లెక్కపెట్టు." అలా ఆమె ప్రయోగం ఫలితమంతా నా చేతుల్లో పెట్టింది. నేను ఒక్క అంకె మార్చలేదు. నా గురించి నేను చెప్పుకోగల మంచి అదొక్కటి. మార్చాల్సిన అవసరం లేదని అప్పటికే తెలుసు కాబట్టి మార్చలేదేమో, అది కూడా చెప్పలేను.

ఎందుకంటే అసలు తప్పు అంతకు నాలుగు నెలల ముందే జరిగింది.

ప్రయోగానికి రెండు రకాల ఉంగరాలు కావాలి. ఒకటి టీకా రాత ఉన్నది, రెండోది ఏ రాతా లేని ఖాళీది. ఖాళీదానితో పోల్చితేనే టీకా పని చేసిందో లేదో తెలుస్తుంది. ఈ ఉంగరాలను మామూలు బాక్టీరియాలో పెంచి, ఆ బాక్టీరియాను పగలగొట్టి, కడిగి తీస్తాం. శుభ్రంగా కడగడానికి కిట్ ఉంటుంది. ఆ సమయానికి ల్యాబులో ఉన్న కిట్ ఒక్కదానికే సరిపోతుంది, కొత్తది రావడానికి ఇంకా నెలలు పడుతుందన్నారు. ఖాళీ ఉంగరం తయారీ నా వంతు, టీకాది ఆమె వంతు.

"కిట్ నువ్వు తీసుకో మ్మే. నీకు కొత్త. నాకు చేత్తో చేసేది అలవాటే" అంది.

చేత్తో చేసే పాత పద్ధతిలో ఆమెను మించినవాళ్ళు లేరు. అది ఆమె గర్వం కూడా. కానీ ఎంత మంచి చెయ్యి అయినా ఆ పద్ధతిలో పగిలిన బాక్టీరియా పైపొర తునకలు కొన్ని అంటుకునే ఉంటాయి. ఆ తునకలు ఒంట్లోకి పోతే చాలు, టీకా లేకపోయినా ఒళ్ళు ఉలిక్కిపడి కాపలాకు లేస్తుంది. నా ఖాళీ ఉంగరం శుభ్రంగా ఉంది, ఆమె టీకా ఉంగరానికి మురికి ఉంది. రేపు ఆమె ఎలుకలు గెలిస్తే, గెలిచింది టీకానా మురికా ఎవరూ చెప్పలేరు. మా ల్యాబులో ఎవరికీ ఇది తట్టలేదు. తక్కువ వస్తువులతో సర్దుకుని, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుని పని చేయడం మాకు అంత అలవాటు.

నాకు తట్టింది. ఎలుకలకు మొదటి సూది వేసిన వారానికే, లైబ్రరీలో ఒక పాత వ్యాసం చదువుతుంటే. లేచి ల్యాబు దాకా వచ్చాను. అక్క ఎలుకలకు మేత వేస్తోంది. సార్ పక్కనే నిలబడి, బయటి నుంచి వచ్చిన ఎవరికో ఆమె చెయ్యి గురించి చెబుతున్నారు. నేను గుమ్మంలోనే ఆగి, వెనక్కి తిరిగాను.

రేపు చెబుదాం అనుకున్నాను. నాకు ఎప్పుడూ ఉండే అనుమానాల్లో ఇదీ ఒకటేమో అనుకున్నాను. ఇవన్నీ నేను నాకు చెప్పుకున్నవి. నిజం ఏమిటంటే, ఆమెకు తెలియనిది ఒకటి నాకు తెలుసు. అలా నాకు మొదటిసారి జరిగింది. దాన్ని ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

నాలుగు నెలల తర్వాత, థీసిస్‌కు ముందు జరిగే సెమినార్లో ఆమె ఫలితాలు చూపించింది. టీకా వేసి ఆపైన బ్రూసెల్లా ఎక్కించిన ఎలుకల ప్లీహంలో ఆ క్రిమి దాదాపు లేదు. బయటి నుంచి వచ్చిన నిపుణులు తలలాడించారు. హాలంతా చప్పట్లు. అప్పుడు నేను చెయ్యెత్తి అడిగాను, రెండు ప్లాస్మిడ్లనూ ఒకే పద్ధతిలో శుభ్రం చేశారా అక్కా అని.

సార్ నా వైపు చూడలేదు. అక్క మాత్రం బోర్డు వైపు తిరిగి, తన గ్రాఫును కొంచెంసేపు చూసింది. ఎవరో కొత్తవాళ్ళ గ్రాఫు చూస్తున్నట్టు.

"లేదు. ఒకటి కిట్‌తో, ఒకటి చేత్తో చేసినాం. ఇది నాకు తట్టలేదు. ఇట్లయితే ఈ ఫలితం చెప్పేదానికి లేదు. మళ్ళీ చేస్తా" అంది. నేను ఎదురుచూసింది ఇది కాదు. ఏం ఎదురుచూశానో నాకూ తెలియదు. నేను గెలిచిన ఆ ఒక్క నిమిషంలో కూడా హాలులో అందరూ చూస్తున్నది ఆమెనే.

మళ్ళీ చేయడానికి ఏడాది పైన పట్టింది. రెండూ కిట్‌తోనే. ఈసారి టీకా బలం సగానికి తగ్గింది, అయినా మిగిలింది. ఆ మిగిలిన సగం నిజం. ఆ ఏడాదిలోనే లెక్చరర్ పోస్టులు పడ్డాయి. ఆమె థీసిస్ పూర్తి కాలేదు కాబట్టి దరఖాస్తు పెట్టలేకపోయింది. నాది అయిపోయింది. నేను ఇప్పుడు కూర్చునే కుర్చీ అలా వచ్చింది. ఆమె ఆ తర్వాత ఒక ప్రాజెక్టు నుంచి ఇంకో ప్రాజెక్టుకు, ఎప్పుడూ కాంట్రాక్టు మీదే పని చేసింది. టీకాను ఎలుకల నుంచి గొర్రెలకు తెచ్చింది. ఎలుకలో పని చేసిన డీఎన్ఏ టీకా పెద్ద జంతువులో నీరసపడిపోవడం అందరికీ ఎదురయ్యేదే. ఆమెకూ ఎదురైంది. మోతాదు మార్చింది, సూది వేసే చోటు మార్చింది, విడపనకల్లు వైపు మందల వెంట తిరిగింది. ఫలితం రాలేదని ఫోన్ చేసి చెప్పినప్పుడు కూడా ఆమె గొంతులో ఓడిన జాడ ఉండేది కాదు. ఉద్యోగం ఉన్న నేను, లేని ఆమెను చూసి మళ్ళీ కుళ్ళుకున్నాను.

నాలుగేళ్ళ కిందట రాయదుర్గం బస్టాండులో కలిశాం. జుట్టు నెరిసింది, చేతిలో ఐస్ డబ్బా, అందులో గొర్రెల రక్తం గొట్టాలు. టీ తాగుతూ ఉన్నట్టుండి అడిగింది.

"ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఆ కిట్ సంగతి నీకు ఎప్పుడు తెలిసె?"

అడిగిన తీరులో కోపం లేదు. రికార్డు బుక్కులో తేదీ వేసుకోవడానికి అడిగినట్టుంది. నేను గ్లాసులోకి చూస్తూ, "ఆ రోజే అక్కా. సెమినార్లో కూర్చున్నప్పుడు తట్టింది" అన్నాను.

"సరేలే" అంది. కుందుర్పి బస్సు వస్తే ఎక్కి, కిటికీలోంచి, ఇంటికి రమ్మని చెప్పింది.

నమ్మిందో లేదో తెలియదు. ఈ నాలుగేళ్ళలో కనీసం పదిసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఒక్క వాక్యం చెబితే చాలు. ఈ పండగ తర్వాత, ఈ పరీక్షలు అయ్యాక అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ నంబరుకు చేస్తే వాళ్ళ తమ్ముడు ఎత్తుతాడు.

పదకొండో రోజు దినానికి వాళ్ళ ఊరికి పోయాను. భోజనాలయ్యాక అందరూ పందిట్లో ఉంటే, వాళ్ళ నాయన దొడ్డి దగ్గర ఒక్కడే నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. అనంతపురం పాప అన్నాడు. కాసేపు కూర్చున్నాక, ఆ సూది యాడిదాకా వచ్చిందని అడిగాడు. ఎలుకల్లో పని చేసింది, గొర్రెల్లో ఇంకా చేయలేదు, ఎవరో ఒకరు పట్టుకుంటే జరగొచ్చు, జరగకపోనూ వచ్చు అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తలూపాడు.

ఆ తర్వాత నేను మొత్తం చెప్పేశాను. కిట్, మురికి అంటే ఆయనకు అర్థమవుతుందో లేదో చూసుకోలేదు. "అక్క తప్పు నాకు ముందే తెలుసు పెద్నాయనా. నాలుగు నెలలు తెలిసే గమ్మునున్నా. ముందే చెప్పింటే అక్కకు ఏడాది మిగిలేది, ఉద్యోగం వచ్చేదేమో. రాయదుర్గంలో అడిగితే అబద్ధం చెప్పినా."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"దానికి తెలిసిండెనో లేదో నాకు తెల్దమ్మా. నీ మీద ఒక్క మాట అన్నది నేను వినలేదు" అన్నాడు. దొడ్డి వైపు చూస్తూ, "చెప్పేది దానికి చెప్పాల్సింది. నాకు చెప్తే యాడికి చేరుతాది?"

అని లేచి, దొడ్డి తడిక తీశాడు. దినమైనా గొర్రెలకు మేత కావాలి కదా. మంద ఒక్కసారిగా తొట్టి మీద పడింది. ఒకదాని మీద ఒకటి మెడ వేసి నీళ్ళు తాగాయి, గట్టు చుట్టూ ఎర్రమట్టి తడిసింది. ఆయన నోటితో ఏదో సైగ చేసి ముందు నడిచాడు, అవి వెంట పోయాయి. నేను గట్టు దగ్గరే నిలబడ్డాను. బండరాళ్ళ దారి మీద ఆ తడి గిట్టల గుర్తులు వందల కొద్దీ పడి ఉన్నాయి. ఆయన్ను పిలిచి ఇంకేమైనా చెప్పాలని నాలుగడుగులు వేశాను. అంతలోనే ఎండ ఆ గుర్తులను తాగేస్తూ వచ్చింది. దగ్గరివి ఆరిపోయాయి, ఆ తర్వాతవి ఆరిపోయాయి. మలుపు దగ్గర చివరివి కొన్ని మాత్రం కాసేపు నల్లగా కనిపించాయి.