కలవని రంధ్రాలు

1948 ఎండాకాలంలో తిరుమలగిరిలోని ఒక మిషన్ ఆసుపత్రిలో కట్టడాల ఓవర్‌సీర్‌గా చేరాను. ఓవర్‌సీర్ అంటే ఇంజనీరుకు కింద, మేస్త్రీకి పైన. అక్కడ ఇంజనీరు లేడు కనుక నా పైన ఎవరూ లేరనుకున్నాను. మాది సికింద్రాబాద్ బజారులో కిరాణా దుకాణం. నాకు నిజంగా వచ్చిన విద్య బేరమాడటం ఒక్కటే.

మొదటి పని నర్సు రూతమ్మగారికి రెండు గదుల ఇల్లు. సీతాఫల్‌మండిలో అద్దె ఇంటి కప్పు కూలాక, మంచం దిగలేని తల్లితో ఆమె ఆసుపత్రి వరండాలో ఉంటున్నారు. జల్లు కొట్టినప్పుడల్లా ఆ మంచం గోడవైపు జరిగేది.

సంస్థానంలోకి బయటి సరుకు ఆగిపోయి మేకులు దొరకడం లేదు. అమెరికా నుంచి వచ్చిన మా డాక్టరుగారు, మేకులు లేకుండా తమ పూర్వులు ఇళ్లు కట్టిన పద్ధతి చెప్పారు. దూలం కొనను నాలుకలా చెక్కి, స్తంభంలో తొలిచిన గుంతలో దూర్చి, రెండింటి గుండా చెక్క సీల కొట్టాలి. అలా ఒక్కో వైపు చట్రాన్ని నేలమీదే బిగించి, ఇరవై మంది కలిసి లేపి నిలబెట్టాలి.

దూలాల కోసం అడితిలో ఒక పూటంతా బేరమాడి కలప తెచ్చాను. వడ్రంగి మల్లయ్య పని చూడబోతే, స్తంభంలో రంధ్రానికీ నాలుకలో రంధ్రానికీ వడ్లగింజంత తేడా ఉంది.

“ఏందీ మల్లయ్యా, రెండు కలుస్తలేవు?”

“డాక్టర్ దొర గిట్లనే కొట్టమన్నడు సాబ్. జెర అడుగుండ్రి.”

“నేను త్రాసు ముల్లు చూసుకుంట పెరిగినోణ్ణి. నాకు చెప్తున్నవా?”

ముల్లు పక్కకు జరిగితే మోసం అని నాకు చిన్నప్పుడే తెలుసు. మొదటి చట్రం రంధ్రాలన్నీ ఒకదానికొకటి సరిగ్గా కలిసేలా మళ్లీ కొట్టించాను. డాక్టరుగారిని అడగలేదు.

సెప్టెంబరులో పోలీసు చర్య వచ్చి పని ఆగింది. ఊరు సర్దుకున్నాక జనాన్ని పోగుచేసి చట్రం లేపాం. సగం లేచేసరికి సీల వదులై జారి, దూలం నాలుక గుంతలోంచి రెండు వేళ్ల మేర బయటికి వచ్చింది.

“దించుండ్రి, మెల్లగ దించుండ్రి” అన్నాడు మల్లయ్య. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

డాక్టరుగారు రంధ్రాలు చూసి, ఆ తేడా తానే కావాలని పెట్టించానన్నారు. సీల దిగుతూ నాలుకను గుంతలోకి లాగి బిగిస్తుందట. వీటిని ఎవరు సరిచేశారని అడిగారు. అందరూ మల్లయ్య వైపు చూశారు. అతను తల వంచుకున్నాడు, నా పేరు చెప్పలేదు. కింది వాడి మీదికి తోసేయడం ఏ ఓవర్‌సీరుకైనా తేలికే. రూతమ్మగారు వరండా మెట్ల మీద నిలబడి ఉన్నారు.

నేనే చేయించానన్నాను.

డాక్టరుగారు ఏం చేయవచ్చని మల్లయ్యను అడిగారు.

“పాతవి మూసి పక్కన కొత్తవి కొడ్త దొరా. రెండు దినాలు.” తర్వాత నా వైపు తిరిగాడు. “గీ తాప మీరు జెర దూరం నిలబడుండ్రి సాబ్.”

జనం నవ్వారు. నేను దూరంగానే నిలబడ్డాను.

మూడో రోజు చట్రం లేచి నిలిచింది, ఆ వెనకే మిగతావీ లేచాయి. పెంకులు కప్పగానే, గోడల పూత కూడా ఆరకముందే, రూతమ్మగారి తల్లి మంచాన్ని నలుగురం మోసుకెళ్లి గది నడుమ వేశాం.

ఆ తర్వాత ఉద్యోగమంతా, తప్పుగా కనిపించిన ఏ కొలతనూ, అది పెట్టినవాణ్ణి ఎందుకని అడగకుండా మార్పించలేదు. అడగడానికి పట్టే సమయం, దూలాల కోసం నేను ఆడిన బేరంలో సగం కూడా ఉండదు.