యాకూబన్న బిగించిన బోల్టులు

మొన్న మిర్యాలగూడలో రైసు మిల్లు ముందు రోడ్డు దాటబోతుంటే ఒక ధాన్యం లారీ కీచుమంటూ ఆగింది. కాలిన బ్రేకు వాసన గుప్పుమంది. పక్కనున్న ఆడవాళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం అక్కడే నిలబడి రెండుసార్లు గట్టిగా పీల్చాను. "నాయనమ్మా, నీకేమన్న పిచ్చా?" అని నా మనవరాలు చేయి పట్టి లాగింది. ఆ వాసన వస్తే నాకు కోదాడలోని ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. గళ్ల లుంగీ మోకాళ్ల పైకి కట్టుకుని కారు కింద పడుకున్న మనిషి కనిపిస్తాడు. ఆయన పేరు యాకూబ్. మెకానిక్. నేను అన్నా అని పిలిచేదాన్ని. పోయి రెండేళ్లయింది. ఆయనను ఎరగని వాళ్లకు చెప్పాలని ఇది రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. అక్షరం వంకర పోతే పోనీ, మాట వంకర పోకూడదు.

మా ఆయన లింగయ్య కిరాయి కారు నడిపేవాడు. చక్కెర జబ్బు మొదట ఆయన కళ్లను పట్టింది, తర్వాత మూత్రపిండాలను పట్టింది. కోదాడ నుంచి వారానికి మూడుసార్లు సూర్యాపేట దవాఖానకు పోయి డయాలసిస్ చేయించుకోవాలి. ఒక్కసారి తప్పినా ఒంట్లో నీరు చేరి ఊపిరి అందేది కాదు. బస్సులో కూర్చునే ఓపిక లేదు. ఇంటి ముందు కారు ఉంది, నడిపేవాడికి చూపు లేదు. కొడుకు పొద్దున పోయి రాత్రికి వచ్చే ఉద్యోగం. అందుకని యాభై రెండేళ్ల వయసులో నేను స్టీరింగు పట్టాను. నేర్పింది యాకూబన్న. మొదటి రోజు మార్కెట్ యార్డు వెనక ఖాళీ జాగాకు తీసుకుపోయి, కారును బారెడు కదిలించడం, బ్రేకు తొక్కించడం. గంటసేపు అదే పని.

"నడుపుడు ఎప్పుడు నేర్పుతవ్ అన్నా?" అని విసుక్కున్నాను.

"నడుపుడేముంది సెల్లె, ఎద్దు గూడ నడుస్తది. మనిషికి ఆపుడు రావాలె."

వెనక సీట్లోంచి లింగయ్య అందుకున్నాడు. "ఆపుడు దీనికి పుట్టుకతోనే వచ్చు అన్నా. ముప్పై ఏండ్ల నుంచి నన్ను ఆపుతనే ఉన్నది."

రెండేళ్లు బాగానే నడిచింది. తర్వాత వెనక బ్రేకు డ్రమ్ములు అరిగిపోయాయి. కొత్తవి వేయాల్సిందేనన్నాడు యాకూబన్న. నేను అరిగిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అంటించి వాడే మనిషిని. సూర్యాపేటలో పాత బండ్ల సామాను అమ్మే దుకాణానికి పోయాను. మా కారు రకానిదే, పెద్ద మోడలు ఒకటి ముందు భాగం నుజ్జయి అక్కడ పడి ఉంది. దాని వెనక చక్రాలకు డ్రమ్ములు కావు, డిస్కు బ్రేకులు. మొత్తం సెట్టు విప్పించి తెచ్చాను. మట్టి పట్టి ఉంటే ఇంట్లోనే కిరసనాయిలుతో కడిగి, మెరిసేలా తుడిచి, యాకూబన్న ముందు పెట్టాను.

ఆయన ఒక్కొక్కటి తిప్పి చూశాడు. "మన మోడల్‌కు ఇవి నేనెన్నడు ఎక్కియ్యలే సెల్లె. ఎక్కుతయి గని, సతాయిస్తయి."

సతాయించాయి. డిస్కులు ఎక్కించి పాత చక్రం పెట్టి తిప్పగానే కర్రుమని రాసుకుంది. డిస్కును రెండు వైపుల నుంచి పట్టి ఆపే ఇనుప ముద్ద ఉంటుంది, కాలిపర్ అంటారు. అది చక్రం లోపలి అంచుకు తగులుతోంది. నాకొక ఉపాయం తోచింది. "లోపల రెండు వాషర్లు పెట్టి బిగియ్ అన్నా. చక్రం జర బయటికొస్తది, ఖతం."

"ఇదేమన్న తలుపు మడతబందా? బోల్టుకు పట్టు తగ్గుతది. చక్రం ఊడి, నీకంటె ముందుగాల అదే సూర్యాపేటకు పోతది."

మళ్లీ ఆ దుకాణానికే పోయి, ఆ పెద్ద మోడలు చక్రాలే తెచ్చాను. రాసుకోవడం ఆగింది. హ్యాండ్ బ్రేకు తీగ మాత్రం వంకరగా కూర్చుంది. వేరే మోడలు సామాను కదా, అంతేలే అనుకున్నాడాయన.

అసలు పరేషాన్ తర్వాత మొదలైంది. బ్రేకు గొట్టాల్లో గాలి చేరితే పెడల్ గట్టిగా నిలవదు. కాలిపర్‌కు ఉన్న చిన్న మర వదులు చేసి, నూనెతో పాటు ఆ గాలిని బయటికి పంపాలి. నేను సీట్లో కూర్చుని పెడల్ తొక్కేదాన్ని. కింద నుంచి ఆయన "తొక్కు... తొక్కు... గట్టిగ పట్టు" అనేవాడు. నూనె సీసాలు ఖాళీ అయ్యాయి గానీ పెడల్ మాత్రం నానబెట్టిన అటుకుల మూటలాగా మెత్తగా దిగిపోతోంది. ఎక్కడా కారడం లేదు. పెడల్ తొక్కితే నూనెను ముందుకు నెట్టే పెద్ద సిలిండరు కూడా మార్చి చూశాడు. రెండు రోజులు గడిచాయి. షెడ్డు దగ్గర కూర్చున్న డ్రైవర్లు వేళాకోళం మొదలుపెట్టారు. "యాకూబన్నా, బండి బాగుచేస్తున్నవా, బండికి నూనె తాపుతున్నవా?"

మరునాడు పొద్దున లింగయ్యకు డయాలసిస్. నేను ఆగలేకపోయాను. "నాలుగుసార్లు తొక్కితె ఆగుతంది గదా. మెల్లగ పోయొస్త, తాళం చెవి ఇయ్యి."

ఆయన తాళం చెవిని చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. "హైవే మీద నాలుగుసార్లు తొక్కేదాంక ముందటి లారీ ఆగుతదా? నీ మొగనికి మందు లేక ఏమన్నయితే అది దేవుని పని. నేను ఇచ్చిన బండిల అయితే నా పని."

"మరి పొద్దుగాల ఆయనను నేనేం ఎత్తుకపోవాల్నా?"

"నేను ఎత్తుకపోత, నోర్ముయ్యి."

తన పాత జీపులో తీసుకుపోయాడు. లింగయ్యను మంచం మీద పడుకోబెట్టి, నాలుగు గంటలు దవాఖాన గోడ పక్కన కూర్చుని, మళ్లీ తీసుకొచ్చాడు. ఇంటికి పోయి అన్నం కూడా తినకుండా నేరుగా కారు కిందికి దూరాడు.

ఆ మధ్యాహ్నం పెడల్ తొక్కే పని ఒక డ్రైవరు తీసుకున్నాడు. నేను వంగి సీసా పట్టుకున్నాను. అప్పుడు చూశాను, ఆ మర కాలిపర్‌కు అడుగున ఉంది. త్రిపురారం మా పుట్టిల్లు. కాలువ నీళ్లు పొలానికి ఎత్తే మోటారుకు గాలి పడితే మా నాయన దాని నెత్తిన ఉన్న మరనే విప్పేవాడు. అడుగు మర ఎన్నడూ ముట్టలేదు.

"అన్నా, గాలి పైకి పోతదా, కిందికి పోతదా?"

"పైకి."

"మరి నువ్వు కిందికెల్లి తీస్తున్నవేంది?"

కారు కింద చప్పుడు ఆగిపోయింది. యాకూబన్న బయటికి జరిగి, లేచి కూర్చుని, ఈ వైపు చూశాడు, ఆ వైపు చూశాడు. నూనె చేత్తోనే నుదురు కొట్టుకున్నాడు. తర్వాత డ్రైవర్లందరికీ వినపడేలా చెప్పాడు. "ఎడమది కుడికి, కుడిది ఎడమకు ఎక్కిచ్చిన. మర కిందికొచ్చింది, గాలి మీదనే కూసున్నది. తప్పు నాది. ముప్పై ఏండ్ల మెకానిక్‌ను, నాకు దొరకలే. మూడో తరగతి సైదమ్మ పట్టింది."

అందరూ నవ్వారు, నన్ను మెచ్చుకున్నారు. నేను మాత్రం నవ్వలేదు. ఎందుకంటే దుకాణంవాడు రెండు కాలిపర్ల మీద ఎడమ, కుడి అని సుద్దముక్కతో రాసి ఇచ్చాడు. కిరసనాయిలుతో కడిగినప్పుడు ఆ రాతలు పోయాయి. ఏది ఏదో తెలియక, తోచినదానికి ఒక ఎర్రగుడ్డ కట్టి, ఇది ఎడమదని దుకాణంవాడే చెప్పాడని యాకూబన్నతో అన్నాను. ఆ గుడ్డ అప్పుడు నా ముందే నేల మీద పడి ఉంది. దాని మీద కాలు పెట్టి నిలబడ్డాను.

అటువి ఇటు మార్చాడు. హ్యాండ్ బ్రేకు తీగ కూడా తిన్నగా కూర్చుంది. ఒక్క విడతలోనే గాలి బుడబుడమని వెళ్లిపోయి పెడల్ రాయిలా నిలబడింది. లింగయ్యను ఎక్కించుకోకముందే తాను నా పక్కన కూర్చుని, ఖాళీ జాగాలో పదిసార్లు ఆపించాడు. పదిసార్లూ గీత గీసినట్టు ఆగింది. అప్పుడు జేబు గుండీ విప్పి తాళం చెవి ఇచ్చాడు.

నెల రోజులు ఆ గుడ్డ నా కాలి కిందే ఉన్నట్టు అనిపించింది. చివరికి ఒకరోజు దవాఖాన నుంచి వస్తూ షెడ్డు ముందు ఆపాను. "అన్నా, ఆ గుడ్డ సంగతి..."

"తెలుసు."

"ఎట్ల?"

"దుకాణపోళ్లు గుడ్డ కట్టరు, సుద్దతోనే రాస్తరు. కిరసనాయిలు వాసనొస్తుంటె సుద్ద గీతలు మిగులుతయా? నువ్వు దాని మీద కాలు పెట్టింది గూడ సూసిన."

"మరి ఆ పొద్దు అందరి ముందల నా పేరెందుకు చెప్పలే?"

ఆయన పానా పక్కన పెట్టాడు. "గుడ్డ నువ్వు కట్టినవ్, బోల్టు నేను బిగిచ్చిన. ఎక్కిచ్చేటోడు చూసుకోవాలె గద. ఇగ పో, ఎండల ఆయనను కూసోవెట్టినవ్."

లింగయ్య మరో నాలుగేళ్లు బతికాడు. బండి వల్ల ఒక్క డయాలసిస్ కూడా తప్పలేదు. ఆయనకు రోజుకు ఇన్ని గ్లాసుల నీళ్లేనని లెక్క ఉండేది, కొలత నాదే. ఒకసారి ఒంట్లో నీరు మరీ ఎక్కువగా చేరింది. నాకు తెలియకుండా తాగించావా అని కోడలు రేణుకను నర్సు ముందు, పక్క మంచాలవాళ్ల ముందు నిలబెట్టి కడిగేశాను. ఆ పిల్ల తలెత్తలేదు. ఇంటికొచ్చి గ్లాసు కడుగుతుంటే తెలిసింది. పాతది సొట్ట పోయిందని పెళ్లిలో పంచిన గ్లాసు తీశాను. దానికంటే దీంట్లో చారెడు ఎక్కువ పడుతుంది.

రేణుకను వంటింట్లోకి పిలిచి చెబితే సరిపోయేది. కానీ తదుపరి డయాలసిస్ రోజు రమ్మని తోడు తీసుకుపోయి, అదే నర్సు ముందు, అవే మంచాల మధ్య చెప్పాను. "తప్పు నాది రేణుక. గ్లాసు మార్చింది నేను." పిల్ల కళ్లు తుడుచుకుంది. చూపు లేని లింగయ్య నా గొంతు వచ్చిన వైపు తల తిప్పి, "ఎవరే మాట్లాడింది?" అన్నాడు.

తప్పు నాది అనే మాట నాకు ఇప్పటికీ తేలికగా రాదు. గొంతులో అడ్డం పడుతుంది. పడినా మింగను.